సైకిల్లో టక్కు

చెవుల మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. చెవులు పెద్దవని వచ్చిన పేరు కాదది. ఆ మాటకొస్తే అవి చిన్న చెవులే, తలకి అంటుకుపోయి ఉంటాయి. సైకిల్లో ఏ మూల ఏ చప్పుడు పుట్టినా ఇట్టే పట్టేస్తాడని జనం పెట్టిన పేరు. సొంత పేరు ఒకటి ఉండే ఉంటుంది లెండి, దాంతో ఎవరికీ అవసరం పడలేదు.

అతని దుకాణంలో ఒక పద్ధతి ఉంది. సైకిలు తెచ్చినవాళ్ళు "ఏదో చప్పుడొస్తోంది మేస్త్రీ" అంటే చాలదు. ఆ చప్పుడు నోటితో చేసి చూపించాలి. ఎంతటివాళ్ళకైనా మినహాయింపు లేదు. చొక్కా మడత నలగని ఆఫీసరుగారైనా సరే, దుకాణం ముందు నిలబడి, అటూ ఇటూ చూసుకుని, గొంతు తగ్గించి "కిర్ర్... కిర్ర్..." అనాల్సిందే. "సరిగ్గా రాలేదండీ, ఇంకాస్త గట్టిగా" అనేవాడు మేస్త్రీ, మొహంలో నవ్వు కనపడనీయకుండా. పక్కనున్న కిరాణా కొట్టువాడికి ఇదే కాలక్షేపం. పొద్దున్నే ఎవరెవరో పెద్దమనుషులు పిచ్చుకల్లా, కప్పల్లా, తలుపు బందుల్లా అరుస్తుంటే బేరం మానేసి మరీ వినేవాడు.

అదంతా వేళాకోళం అనుకునేరు. కిచకిచ అన్నారంటే చైను నూనె అడుగుతున్నట్టు. గరగర అంటే ఇరుసులో ఇనుప గుళ్ళు అరిగినట్టు. టింగుమంటే చక్రంలో పుల్ల వదులైనట్టు. సైకిలు మీద చెయ్యి వేయకుండానే సగం పని అయిపోయేది. అన్నిట్లోకీ పెంకిది టక్కు. పెడలు తొక్కినప్పుడల్లా ఎక్కడో టక్కుమంటుంది, దిగి చూస్తే ఏమీ ఉండదు. సీటు దగ్గర పుట్టి హ్యాండిలు దగ్గర వినపడుతుంది. "ఊరికే పెట్టారా ఆ పేరు? టక్కులాడిది" అనేవాడు మేస్త్రీ. ఎంత టక్కులాడిదైనా అతని దగ్గర దాని ఆటలు సాగేవి కావు.

దుకాణానికి వెనక ఒక గది. అందులో మంచం, గోడకి ఒక అద్దం, మూల ఒక పొయ్యి. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ పొయ్యి వెలగలేదు. రెండు వీధుల అవతల చెల్లెలి ఇల్లు. రాత్రి భోజనం అక్కడే. ఆ ఇంట్లో గోడవైపు అతనికంటూ ఒక పీట, అంచు నొక్కుకుపోయిన ఒక పళ్ళెం ఉన్నాయి. ఇంకెవరైనా ఆ పళ్ళెం ముట్టుకుంటే మేనకోడలు ఊరుకునేది కాదు. ఆ ఒక్క పూట కోసమే అతను రోజంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

ఆ చెల్లెలికి ఊరి చివర పెద్దాసుపత్రి బట్టలుతికే విభాగంలో ఉద్యోగం వచ్చింది. దుప్పట్లు మరిగించే యంత్రాల దగ్గర పని. తెల్లారేసరికి అక్కడుండాలి, ఆ వేళకి బస్సు లేదు, మధ్యలో వంతెన. పోయేటప్పుడు దారిలోనే పిల్లని బడి పక్కన తెలిసినావిడ ఇంట్లో దింపాలి. "సైకిలు సంగతి నాకొదిలెయ్" అన్నాడు మేస్త్రీ. చెల్లెలు అడగకముందే అన్నాడు. అక్కడివరకూ బాగానే ఉంది.

ఆ వారమే పాతసామాన్ల కొట్టులో ఆడవాళ్ళ సైకిలు ఫ్రేమ్ ఒకటి దొరికింది. తేలికది, తీరైనది. దాని గీతలు చూస్తే ముచ్చటేసింది. ఒకటే లోపం. సీటు గొట్టం దిగి వచ్చి పెడళ్ళ ఇరుసును కలిసే చోట వెంట్రుక మందాన పగులు. ఎవరో గోడకి గుద్దేసి అమ్మేసుకున్నారు. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకెవరిదైనా అయితే "ఇది తూకానికి తప్ప పనికిరాదు" అనేవాడే. కానీ చెల్లెలు పనిలో చేరే రోజు దగ్గరపడింది, ఇంతకన్నా మంచిది కంటికి ఆనలేదు. అతికించాడు, ఆకురాయి పట్టాడు, నునుపు చేశాడు, నెమలికంఠం రంగు వేశాడు. మసిపూసి మారేడుకాయ చేశాడని మనం అనొచ్చు. అతను మాత్రం ఆ వేళ అలా అనుకోలేదు. తన చేతి అతుకు అంత తేలిగ్గా ఊడదనే నమ్మాడు. పిల్లకోసం వెనకాల చిన్న బుట్టసీటు కూడా బిగించాడు.

తీసుకెళ్ళి ఇంటి ముందు నిలబెట్టగానే పండగే పండగ. చెల్లెలి మొగుడు గోడలకి రంగులేసే పనివాడు. నిచ్చెనల మీదనుంచి కిందివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు ఎప్పుడూ మేడమీదే ఉంటుంది. సైకిలు చుట్టూ తిరిగి, వేలితో రంగు నిమిరి, "రంగుల సంగతి నా దగ్గరా! ఇది చేత్తో వేసిన రంగు కాదు, కంపెనీ రంగు. ఫ్రేమ్ కొత్తది కొన్నావు కదూ బావా?" అని వీధంతా వినపడేలా అన్నాడు.

కాదు బావా, పాతదే, చిన్న అతుకుంది, చూసుకుని తొక్కమను. ఇంతే కదా అనాల్సింది. ఏం పోయేది? కానీ తను వేసిన రంగుని కంపెనీ రంగనుకున్నాడని ఒకపక్క గర్వం, చెల్లెలి మొహంలో వెలుగు ఒకపక్క, గుమ్మాల్లో నిలబడ్డ ఇరుగుపొరుగు ఒకపక్క. "నా చెల్లెలికి పాతదిస్తానా?" అనేశాడు. నోరు జారింది. జారిన మాట మీద ఆ రాత్రి కడుపునిండా తిని వెళ్ళాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు పనినుంచి వస్తూ చెల్లెలు దుకాణం ముందు దిగింది.

"అన్నయ్యా, ఏదో చప్పుడొస్తోంది."

"నోటితో చెప్పాలి. చెల్లెలివైనా సరే" అన్నాడు నవ్వుతూ.

ఆమె నాలుక అంగిటికి తగిలించి "టక్!" అంది. "కుడికాలు బలంగా వేసినప్పుడే. వంతెన ఎక్కేటప్పుడు ఎక్కువ."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. అంత దూరం కూడా అక్కర్లేదు, మొదటి తొక్కుడుకే తెలిసిపోయింది. పెడలు కాదు, చైను కాదు. కాలి బరువుకి పగులు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంటోంది. తన అతుకే.

"ఏంటన్నయ్యా?"

"పెడల్లో గుళ్ళు పోయినట్టున్నాయమ్మా" అన్నాడు.

పెడళ్ళు మార్చాడు. మరునాడు చెల్లెలు మళ్ళీ వచ్చింది. సీటు కడ్డీ తీసి గ్రీజు పెట్టాడు. మళ్ళీ వచ్చింది. చైను మార్చాడు, పళ్ళచక్రం బిగించాడు, మడ్‌గార్డు ఊడదీసి తిరిగి పెట్టాడు. వచ్చినప్పుడల్లా పని అయ్యాక పిల్లని తనే ఎత్తి బుట్టసీటులో కూర్చోబెట్టి పంపేవాడు. దొంగ ఇంట్లోనే ఉన్నాడని తెలిసీ ఊరంతా వెతుకుతున్నట్టు నటించడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. ఆమె మాత్రం ప్రతిసారీ "పాపం, నీకెంత శ్రమ" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి తల నేలలోకి దిగిపోయినట్టుండేది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు. అలాంటి ఫ్రేమే ఇంకోటి ఎక్కడైనా ఉందేమోనని పాతసామాన్ల కొట్లన్నిటికీ కబురు పెట్టాడు. దొరికితే గుట్టుగా మార్చేసి, అదే రంగు వేసేస్తే ఎవరికీ తెలియదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది. ఈ లోపల చెల్లెలు తొక్కుతూనే ఉంది. తెల్లవారుజామున మెలకువ వస్తే, ఇప్పుడు వంతెన మీదుంటుంది, ఇప్పుడు దిగుడులో ఉంటుంది అని వెల్లకిలా పడుకుని లెక్కపెట్టుకునేవాడు. "నాలుగు రోజులు నా దగ్గర వదిలెయ్, నా సైకిలు తీసుకుపో" అని కూడా అన్నాడు. "నీ సైకిలా! నేనెక్కాలంటే నిచ్చెన వెయ్యాలి. పిల్లనెక్కడ కూర్చోబెట్టను?" అని నవ్వేసింది. ఎందుకు వదలమంటున్నాడో చెప్పాలి కదా. చెప్తే ఫ్రేమ్ సంగతి చెప్పాలి. కొత్తదన్న నోటితో పాతదని ఎలా అనడం? బావ మొహం, ఆ పీట, ఆ పళ్ళెం కళ్ళముందు కనిపించేవి. కక్కలేడు, మింగలేడు.

ఒక సాయంత్రం మేనకోడలు బుట్టసీటులోంచే అరిచింది: "మావయ్యా! మా సైకిల్లో టక్కుంది!"

కిరాణా కొట్టువాడు పడీ పడీ నవ్వాడు. "టక్కు సైకిల్లో ఉందో మేస్త్రీలో ఉందో చూసుకోండమ్మా. ఇన్నాళ్ళూ దొరకలేదంటే అనుమానమే!" అన్నాడు. అతను ఊరికే అన్నాడు పాపం. మేస్త్రీ చేతిలో పానా జారి కాలి మీద పడింది.

ఆ రోజు ఇక మార్చడానికి సామాను మిగల్లేదు. చెల్లెలు పక్కన నిలబడి పెడలు మీద కాలేసి నొక్కింది. టక్. స్పష్టంగా, గోరుతో బల్ల మీద కొట్టినట్టు.

"ఇదిగో!" అంది.

"ఏది? నాకేం వినపడట్లేదే" అన్నాడు.

మళ్ళీ నొక్కింది. టక్. "ఇది కూడా వినపడలేదా?"

"ఉహూఁ."

ఆమె అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అతను తల వంచుకుని చక్రం తుడవడం మొదలుపెట్టాడు. ఆమె మెల్లగా అతని వెనక్కి వెళ్ళి, గొంతు బాగా తగ్గించి, "అన్నయ్యా, టీ తాగుతావా?" అంది.

వినపడింది. ఎందుకు అడిగిందో కూడా అర్థమైంది. తిరిగి "ఆఁ, తాగుదామమ్మా" అంటే అయిపోయేది. కానీ ఆ క్షణంలో అతనికి ఒక దిక్కుమాలిన దారి కనపడింది. చెవులు పోయినవాణ్ణి చప్పుడు పట్టలేదని ఎవరూ తప్పుపట్టరు. చక్రం తుడుస్తూనే ఉండిపోయాడు.

వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. చెల్లెలు ఏడుస్తోంది. అది కూడా విననట్టే ఉన్నాడు. అంతకన్నా పాపం ఇంకోటి ఉంటుందా చెప్పండి!

అప్పట్నుంచీ ఆ ఇంట్లో అతనికి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. బావ అసలే పెద్ద గొంతువాడు, ఇప్పుడు చెవి దగ్గర నోరుపెట్టి "బావా! ఇంకొంచెం వేసుకో!" అని అరిస్తే పళ్ళెం అదిరేది. మేనకోడలు చేతులతో సైగలు చేస్తూ, పెదవులు సాగదీస్తూ మాట్లాడేది. బట్టల విభాగంలో ఎవరో "మీ అన్నయ్య పనితనం తగ్గిపోయినట్టుందే" అన్నారని చెల్లెలు వాళ్ళతో మాటలు మానేసిందట. ఆ సంగతి బావే అరిచి చెప్పాడు. "మా అన్నయ్యకి చెవులే పోతుంటే పనితనం గురించి మాట్లాడతారా అని కడిగిపారేసింది బావా, నీ చెల్లెలు!"

మేస్త్రీకి ముద్ద గొంతులో వెలక్కాయలా అడ్డుపడింది. "మంచినీళ్ళు! మంచినీళ్ళు!" అని బావ ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

సైకిలు దగ్గరుంచమని ఇంకోసారి అడిగి చూశాడు. చెల్లెలు అతని చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరకొచ్చి, "ముందు నీ చెవులు బాగుపడనీ. సైకిలు ఎక్కడికీ పోదు" అంది.

ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేసే ఆవిడని బతిమాలుకుని ఒకరోజు ఖాయం చేసుకొచ్చింది. మేస్త్రీ పని ఉందన్నాడు, ఒంట్లో బాలేదన్నాడు, ఈ వయసులో ఎందుకన్నాడు. "నువ్వు రాకపోతే నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను" అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఒప్పుకోక తప్పలేదు.

బయల్దేరే వేళకి అతను తన సైకిలు తీస్తుంటే చెల్లెలు హ్యాండిలు పట్టేసుకుంది. "నీకు మతిపోయిందా? వెనకనుంచి లారీ హారన్ కొడితే ఎలా వినపడుతుంది? నా వెనక కూర్చో" అని చెవిలో అరిచింది. పిల్ల బడికి పోయింది కాబట్టి బుట్టసీటు ఊడదీసి, అన్నని ఎక్కించుకుంది.

ఇద్దరి బరువు. తను అతికించిన అతుకు మీద. మేస్త్రీ కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చెల్లెలు కుడికాలు వేసినప్పుడల్లా కిందనుంచి టక్, టక్. వీధి దాటేసరికి అతని చొక్కా తడిసిపోయింది. వంతెన ఎత్తు మొదలవగానే చప్పుడు మారింది. ఒక టక్ కాదు, టకటక్. అంటే పగులు సాగింది. ఇది ఇవాళో రేపో. దిగుడులో గనక విరిగితే మనిషి ముందుకి విసిరేసినట్టు పడుతుంది.

"ఆపు! ఆపు!" అని అరిచాడు.

ఆమె బెదిరిపోయి దిగింది. "ఏమైంది?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. "కాళ్ళు తిమ్మిరెక్కాయమ్మా. నడుద్దాం" అన్నాడు.

ఛీ, ఏం బతుకు అనిపించింది అతనికి. చెల్లెలు ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో అన్న మోచెయ్యి పట్టుకుని వంతెన దాటించింది. వెనకనుంచి బండి వచ్చినప్పుడల్లా అతన్ని రైలింగు వైపుకి లాగేది.

చెవుల పరీక్ష గది లోపల ఇంకో చిన్న గది ఉంది, పెట్టెలాగా. గోడలకి మెత్తలు, ఒక గాజు కిటికీ. అతన్ని లోపల కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి పరీక్ష చేసే ఆవిడ చెప్పింది: "చెవిలో చప్పుడొస్తుంది. ఎంత సన్నగా వినపడినా చెయ్యెత్తండి. వినపడకపోతే ఊరుకోండి. అంతే."

తలుపు మూసుకుంది. అంత నిశ్శబ్దం మేస్త్రీ ఎప్పుడూ ఎరగడు. అతనికి తన నెత్తురు పారుతున్న చప్పుడు కూడా వినపడింది. అంతలో కుడి చెవిలో సన్నటి కూత. చెయ్యి మోకాలి మీదనుంచి లేవలేదు. ఇంకో కూత, ఇంకాస్త గట్టిగా. లేవలేదు. ఎత్తకపోతే చాలు, కాగితం మీద చెవిటివాడని రాసిచ్చేస్తారు. ఇక జన్మలో ఎవరూ ఏమీ అడగరు.

తలెత్తి కిటికీలోంచి చూశాడు. చెల్లెలు పరీక్ష చేసే ఆవిడ వెనక నిలబడి ఉంది. ఆమెకి చప్పుడేమీ వినపడదు కానీ, చప్పుడు వదిలినప్పుడల్లా యంత్రం మీద చిన్న దీపం వెలుగుతోంది. దీపం వెలిగినప్పుడల్లా ఆమె కళ్ళు అతని చేతి మీదికి వచ్చేవి, తనకి తెలియకుండానే తన చెయ్యి కొంచెం లేచేది. అతను ఎత్తకపోతే ఆ చెయ్యి మెల్లగా దిగిపోయేది. పెదవులు కదులుతున్నాయి. "ఎత్తన్నయ్యా, ఎత్తు" అంటోందని పెదవులు చూస్తేనే తెలుస్తోంది. చిన్నప్పుడు బడి మెట్ల దగ్గర తప్పిపోయి నిలబడ్డప్పుడు ఉన్న మొహమే అది.

ఇంకో కూత వచ్చింది. మేస్త్రీ చెయ్యెత్తాడు.

ఆ తరవాత ఒక్కటీ వదల్లేదు. గాలి కదిలినంత సన్నగా వచ్చినదానికీ ఎత్తాడు. బయట చెల్లెలు ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"మొదట కంగారుపడినట్టున్నారు" అంది పరీక్ష చేసే ఆవిడ తలుపు తీసి. "మీ అన్నయ్యకి ఏమీ లేదమ్మా. ఇంత మంచి చెవులు నేను ఈమధ్య చూడనే లేదు. చీమ నడిచినా వినపడుతుంది."

చెల్లెలి సంతోషానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. వరండాలో ఎదురైన ముక్కూమొహం తెలియని రోగులందరికీ చెప్పింది. సైకిళ్ళు పెట్టే చోటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి తాళం తీసింది. "హమ్మయ్య! గుబిలో గిబిలో అడ్డుపడి ఉంటుంది, పోయింది. ఇక పట్టు దీని పని!" అని పెడలు మీద కాలేసి గట్టిగా నొక్కింది.

టకటక్.

"వినపడిందా?"

"వినపడిందమ్మా."

"అమ్మయ్య! మరి ఇన్నాళ్ళూ..." అని ఆగింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఇన్నాళ్ళూ వినపడలేదు కదా?"

"ఇన్నాళ్ళూ వినపడింది" అన్నాడు మేస్త్రీ. "మొదటి రోజునుంచీ వినపడింది. పెడళ్ళు కాదు, ఏదీ కాదు. ఫ్రేమ్ పగిలింది. అది కొత్తది కాదమ్మా. పగిలినదాన్ని తెచ్చి నేనే అతికించి రంగేశాను."

కిందికి వంగి, ఇరుసు మీద గ్రీజు బొటనవేలితో తుడిచి చూపించాడు. నెమలికంఠం రంగులో సన్నటి నల్ల గీత. చెల్లెలు చతికిలబడి దాని మీద గోరు పెట్టింది. గోరు లోపలికి దిగింది. అలాగే ఉంచి కాసేపు చూసింది.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె లేచి, చెయ్యి బట్టకి తుడుచుకుని, "చెవులే పోయుంటే ఎంత బాగుండేదన్నయ్యా" అంది.

సైకిలు నడిపించుకుంటూ బయల్దేరింది. అతను హ్యాండిలు అందుకోబోతే ఇవ్వలేదు. ముందు ఆమె, వెనక ఇతను. వంతెన మధ్యకి వచ్చాక అతనే మాట కలిపాడు. "రాత్రికి బావకి నేనే చెప్పేస్తానమ్మా. అంతా చెప్పేస్తాను."

"చెప్తే నీ బరువు దిగుతుంది" అంది ఆమె తిరగకుండానే. "తరవాత? ఆయన నిన్ను గడప తొక్కనిస్తాడా? నువ్వక్కడ పస్తుంటే నేనిక్కడ ముద్ద మింగాలా? ఏమీ చెప్పకు. చెవులు పోయాయనే చెప్తాను. నువ్వూ అలాగే ఉండు."

"ఎన్నాళ్ళు?"

ఆమె సైకిలు నెట్టుకుంటూ వంతెన దిగసాగింది.

మేస్త్రీ ఆ మధ్యాహ్నమే సైకిలు విప్పేసి, రంపంతో ఫ్రేమ్‌ని రెండు ముక్కలు చేశాడు. ఇంకెవరూ ఎక్కకూడదని. వారం తిరక్కుండా నిజంగా కొత్త ఫ్రేమే కొని బిగించి ఇచ్చాడు. కంపెనీవాళ్ళది ఏదో పొరపాటట, మార్చి ఇచ్చారట అని చెల్లెలే మొగుడికి చెప్పుకుంది. ఇక ఊరి సంగతా? చెవుల మేస్త్రీ చెవిటి మేస్త్రీ అయ్యాడు. ఇప్పుడు దుకాణానికి వచ్చేవాళ్ళెవరూ పిచ్చుకల్లా కప్పల్లా అరవరు. సైకిలు నిలబెట్టి, చప్పుడెక్కడో వేలితో చూపించి, జాలిగా అతని భుజం తట్టి వెళ్తారు. చూపించిన చోటు సాధారణంగా తప్పే. అతను మాట్లాడకుండా అసలు చోటు చూసుకుని బాగుచేసి పెడతాడు.

భోజనం మాత్రం ఆగలేదు. అదే పీట, అదే పళ్ళెం. "బావా! ఇవాళ దుకాణం బాగా నడిచిందా!" అని అరుస్తాడు బావ, ప్రేమగా, ఎదురుగా కూర్చుని. మేస్త్రీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ?" అంటాడు. మేనకోడలు మొదట్లో వెనకనుంచి వచ్చి మెల్లగా "మావయ్యా" అని పిలిచి చూసేది. అతను తిరిగేవాడు కాదు. ఆ పిల్ల ఇప్పుడు పిలవడం మానేసింది.

ఒక రాత్రి బావ పక్కింటివాళ్ళ పెళ్ళి మాటలేవో చెప్తూ పిల్ల నోట్లో ముద్దలు పెడుతున్నాడు. చెల్లెలు పొయ్యి దగ్గర అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. గిన్నె కింద పెడుతూ, చాలా చిన్న గొంతుతో, అంత చిన్న గొంతు ఆ గదిలో ఇంకెవరికీ అందదు, అంది:

"రోజూ దాన్ని ఎత్తి ఆ బుట్టసీటులో కూర్చోబెట్టింది నువ్వేగా అన్నయ్యా."

బావ మాట ఆపి, "ఏమన్నావే?" అని అరిచాడు.

"ఏం లేదు. అన్నయ్యకి ఇంకొంచెం పెట్టమన్నాను" అంది ఆమె.

బావ పెట్టాడు. మేస్త్రీ తలెత్తకుండా తిన్నాడు.